ఎయిట్ మైల్ అవతల

కిందటి వారం విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ షాపు ముందు నిలబడ్డాను. మా తమ్ముడి ట్రాలీ యాక్సిల్‌కి ఏదో పని పడింది. లోపల ఇనుము గిర్రున తిరుగుతోంది, దాని మీద తెల్లటి కూలెంట్ ధార పడుతోంది. వేడి ఇనుమూ నూనే కలిసిన ఆ వాసన తగలగానే తమ్ముడు రేటు గురించి ఏం మాట్లాడుతున్నాడో నా చెవికెక్కలేదు. అమెరికాలో కార్ల ఊరిగా పేరున్న డెట్రాయిట్ గుర్తొచ్చింది. దాని వెనకే టమాటా ఆకు నలిపితే చేతికి అంటుకునే పచ్చి వాసన కూడా గుర్తొచ్చింది. మా షాపులో పనిచేసిన ఒక పెద్దాయన చేతులకి ఈ రెండు వాసనలూ ఉండేవి. ఆయన్ని తలుచుకోకుండా ఆ ఊరి గురించి ఒక్క మాట కూడా రాయలేను.

నేను అక్కడికి వెళ్ళింది తొంభైల చివర్లో. కార్ల కంపెనీలకి డైలు చేసిపెట్టే షాపులో ఉద్యోగం. కారు తలుపైనా, బానెట్ అయినా, పైకప్పైనా ఉక్కు రేకుని ప్రెస్సులో పెట్టి ఒత్తితే వచ్చేదే. ఆ ఒత్తే అచ్చు పేరే డై. కంప్యూటర్ మీద డిజైన్ చేసేది మేము, దాన్ని పనికొచ్చేలా చేసేది పెద్దాయన లాంటి డై మేకర్లు. ఆయన డై మీద నీలం రంగు పల్చగా పూసి, ప్రెస్సు నెమ్మదిగా దింపించి, రంగు ఎక్కడ అంటిందో చూసి, ఎత్తుగా ఉన్న చోట గ్రైండరుతో, ఆ తర్వాత రాయితో రుద్దేవారు. మళ్ళీ పూత, మళ్ళీ ప్రెస్సు. ఒక్కో డై మీద వారాలు గడిచేవి. పెద్ద ప్రెస్సు పడినప్పుడల్లా నేల అదిరి నా బల్ల మీది కాఫీ వణికేది. మొదట్లో ఇంటికొచ్చి పడుకున్నా ఆ చప్పుడు వినిపించేది. మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టగానే షాపంతా ఒక్కసారి మూగబోయేది. ఆ నిశ్శబ్దంలో పెద్దాయన డబ్బా తెరిచి, ఇంటి నుంచి తెచ్చిన టమాటాని చాకుతో కోసి, ఉప్పు చల్లుకుని తినేవారు. ఒకసారి నాకూ ఒకటి ఇచ్చారు. సూపర్ మార్కెట్ టమాటాకి అలవాటు పడ్డ నోటికి అది మా ఊరి రైతుబజారు టమాటాలా తగిలింది. ఎక్కడ కొన్నారని అడిగాను.

"కొనడమేంటి? పండించాను. మా ఇంటి పక్కనే" అన్నారు.

"ఎక్కడ సార్ మీ ఇల్లు?"

"డెట్రాయిట్‌లో."

మేమందరం పేరుకి డెట్రాయిట్‌లో ఉన్నామని ఇండియాకి ఫోన్లు చేసేవాళ్ళం కానీ, ఉండేది శివార్లలో. ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్, నోవై, కాంటన్. గుడి అక్కడే, ఇండియన్ షాపులక్కడే, ఉగాది ప్రోగ్రాములూ అక్కడే. నేను దిగిన మొదటి వారంలోనే అపార్ట్‌మెంట్‌లో ముందునుంచీ ఉంటున్న ఒకాయన "బ్రదర్, ఎయిట్ మైల్ దాటి కిందికి వెళ్ళకు, టైరు పంక్చరైనా ఆగకు" అని చెప్పారు. ఎయిట్ మైల్ అంటే నగరానికి ఉత్తరపు సరిహద్దుగా పోయే పెద్ద రోడ్డు. దానికి పైన ఎక్కువగా తెల్లవాళ్ళూ మనలాంటివాళ్ళూ, కింద నల్లవాళ్ళు. ఆ మాట ఆయన ప్రేమతోనే చెప్పారు. మేమూ తర్వాత వచ్చినవాళ్ళకి అదే చెప్పాం. చాలామంది తెలుగువాళ్ళు అక్కడ ఏళ్ళతరబడి ఉండి కూడా ఆ ఊరు చూడకుండానే టెక్సాస్‌కో కాలిఫోర్నియాకో మారిపోయారు. నాకు అది ఇప్పటికీ బాధగా ఉంటుంది.

*

పెద్దాయన పిలిస్తే ఒక శనివారం వెళ్ళాను. తూర్పు వైపు ఇల్లు. వీధిలో ఒక ఇల్లు, రెండు ఖాళీ స్థలాలు, కాలిపోయిన ఇల్లొకటి, మళ్ళీ ఖాళీ. గడ్డి నడుము ఎత్తున పెరిగింది. కారు దిగగానే గడ్డిలోంచి గరగరమని ఒక కూత వచ్చి గుండె ఝల్లుమంది. నెమలికంటే చిన్నగా, పొడుగు తోకతో ఒక పక్షి లేచింది. ఫెజెంట్ అట. ఇళ్ళు పోయి గడ్డి మొలిచిన చోటల్లా అవి కాపురం పెట్టాయి.

ఆయన ఇల్లు మాత్రం నిన్న రంగేసినట్టు ఉంది. దాని పక్కన తోట. పెద్దాకులతో కొలార్డ్ అనే ఆకుకూర, చిలగడదుంప తీగలు, బొబ్బర్లు, వరసగా బెండ. బెండ చెట్టు పువ్వు చూసి నాకు నోట మాట రాలేదు. మా అమ్మ పెరట్లో చూసిన పువ్వే, అదే లేత పసుపు, మధ్యలో అదే ముదురు ఎరుపు. "ఇది మీకెలా తెలుసు?" అని ఆయన ఆశ్చర్యపోయారు. బెండకాయ ఆఫ్రికా నుంచి వాళ్ళ తాతముత్తాతలతో వచ్చిందని ఆయన అన్నారు. మా ఇంట్లో వేపుడూ పులుసూ చేస్తామని నేను అన్నాను. ఆ సాయంత్రం వాళ్ళావిడ మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయించిన బెండకాయలు పెట్టింది.

మడులన్నీ చెక్కలు కట్టి ఎత్తుగా పోసుకున్నవే. కారణం అడిగితే పార తెచ్చి మడి బయట ఒక్క పోటు వేశారు. ఠంగుమంది. ఇటుక. ఇల్లు కూల్చినప్పుడు ఆ చెత్తనంతా దాని సెల్లార్‌లోకే తోసి పైన మట్టి కప్పేసేవారట. పాత ఇళ్ళ రంగుల్లో సీసం ఉండేది కాబట్టి అది కూడా ఆ మట్టిలోనే ఉంటుంది. అందుకే మట్టి పరీక్ష చేయించకుండా ఎవరూ నేలలో వేయరు. పైన కంపోస్టు తెచ్చి పోసి, ఆ కొత్త మట్టిలో పండిస్తారు. ఒక్కో మడి వెనక ఎంత మట్టి మోసి ఉంటారో ఊహించుకోండి.

ఆయన వాళ్ళ నాన్న అలబామా నుంచి వచ్చిన మనిషి. పత్తి చేలల్లో పుట్టి పెరిగినవాళ్ళు ఇక్కడ ఫౌండ్రీల్లో చేరారు. నల్లవాళ్ళకి ఇల్లు అద్దెకిచ్చే పేటలు కొన్నే ఉండేవి. అందులో పేరున్న బ్లాక్ బాటమ్ అనే పేటని హైవే కోసం, కొత్త అపార్ట్‌మెంట్ల కోసం మొత్తం నేలమట్టం చేశారు. ఊరు పాడవడానికి కారణం 1967లో నల్లవాళ్ళకీ పోలీసులకీ మధ్య జరిగిన అల్లర్లేనని టీవీల్లో చెప్పినప్పుడల్లా ఆయనకి కోపం వచ్చేది. "అంతకు పదేళ్ళ ముందే ప్యాకార్డ్ కార్ల ఫ్యాక్టరీ మూసేశారు. ఫ్యాక్టరీలు శివార్లకి పోయాయి, వాటి వెనక తెల్లవాళ్ళు పోయారు, వాళ్ళ వెనక పన్నులు పోయాయి. నేను మాత్రం ఎక్కడికీ పోలేదు" అనేవారు. 1950లో 18.5 లక్షల మంది ఉన్న ఊరు 2000 లెక్కల్లో పది లక్షల లోపుకి దిగింది. 2020 నాటికి 6.4 లక్షలు.

ఖాళీ స్థలంలో కూరలు వేయడం కొత్తగా కనిపెట్టినదని ఆయన ఎప్పుడూ అనలేదు. ఒకసారి డౌన్‌టౌన్‌లో గ్రాండ్ సర్కస్ పార్కుకి తీసుకెళ్ళి, కుర్చీలో కూర్చున్న ఒక విగ్రహం చూపించారు. హేజెన్ పింగ్రీ, 1890లలో మేయరు. 1893లో పెద్ద మాంద్యం వచ్చి పనులు పోయినప్పుడు, ఊళ్ళో ఖాళీ స్థలాలని పేదలకిచ్చి బంగాళాదుంపలు వేయించాడు. పేపర్లవాళ్ళు ఎగతాళి చేస్తే మొదటి ఏడాది పంటతోనే వాళ్ళ నోళ్ళు మూతపడ్డాయట. తర్వాత డెబ్బైల్లో కోల్‌మన్ యంగ్ మేయరుగా ఉన్నప్పుడూ సిటీయే విత్తనాలిచ్చి ఖాళీ స్థలాల్లో పండించుకోమంది. పెద్దాయన తోట ఆ రోజుల నాటిదే.

*

మా అమ్మాయికి ఏడెనిమిదేళ్ళప్పుడు హైడెల్‌బర్గ్ వీధికి తీసుకెళ్ళాం. పెద్దాయన చెప్పబట్టే ఆ వీధి గురించి తెలిసింది. టైరీ గైటన్ అనే ఆర్టిస్టు తను పుట్టి పెరిగిన వీధి పాడుబడిపోతుంటే చూడలేక 1986లో వాళ్ళ తాతగారితో కలిసి మొదలుపెట్టాడు. వీధిలో జనం పారేసిన సామానే ఆయన సరుకు. ఒక ఇంటి నిండా రంగురంగుల చుక్కలు. ఒక ఇంటి గోడల మీద దూది బొమ్మలు, ఎలుగుబంట్లూ కుందేళ్ళూ, వాన ఎండా తిని రంగు వెలిసిపోయినవి. చెట్లకి బూట్లు. ఎక్కడ చూసినా చెక్కల మీద గీసిన గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తూ. మా ఆవిడ కారు దిగడానికి భయపడింది. అమ్మాయి మాత్రం దిగి చుక్కల మధ్య పరుగెత్తింది.

అక్కడే ఒక ముసలావిడ వరండాలో కూర్చుని ఉంది. ఇది మీకు నచ్చుతుందా అని అడిగితే, సగం రోజులు నచ్చుతుంది, సగం రోజులు నచ్చదు అంది. ఇంటి ముందు టూరిస్టులు నిలబడి ఫొటోలు తీసుకుంటుంటే తానూ ఆ బొమ్మల్లో ఒక బొమ్మలా అనిపిస్తుందట. "కానీ ఇది లేకపోతే మా వీధికి ఎవరొస్తారు?" అంది. ఆ మాట నేను చాలాసార్లు తలుచుకున్నాను. నగరపాలకులు ఆ ఇళ్ళని 1991లో ఒకసారి, 1999లో ఒకసారి బుల్‌డోజర్లతో కూల్చారు. 2013 నుంచి వరసగా నిప్పంటుకుని చాలా ఇళ్ళు బూడిదయ్యాయి. ప్రతిసారీ గైటన్ మిగిలిన వాటితో మళ్ళీ కట్టుకుంటూ వచ్చాడు.

ఆ రోజుల్లోనే దేశదేశాల ఫొటోగ్రాఫర్లు వచ్చి, శిథిలమైన రైల్వే స్టేషనుని, ప్యాకార్డ్ ఫ్యాక్టరీని, పెచ్చులూడిన థియేటర్లని ఫొటోలు తీసి పెద్దపెద్ద పుస్తకాలు వేశారు. అందమైన ఫొటోలే. వాటిల్లో మనిషి కనిపించడం అరుదు. పక్క వీధిలో పెద్దాయన బెండకాయలు కోస్తూ ఉండేవారు, ఆయన్ని ఎవరూ తీయలేదు.

*

శనివారం పొద్దున ఈస్టర్న్ మార్కెట్. 1891 నుంచీ అక్కడే ఉన్న సంత. పొడుగాటి ఇటుక షెడ్లు, చలికాలంలో మనుషుల నోళ్ళ నుంచి ఆవిరి, వేపుతున్న వేరుశనగ కాయల వాసన, ట్రక్కు మీద నిలబడి "డాలర్ ఎ బాస్కెట్!" అని అరిచే మనిషి. రైతు చేతికే డబ్బులిచ్చి కొనడం మా ఆవిడకి పండగలా ఉండేది. మేలో ఒక ఆదివారం ఫ్లవర్ డే అని మార్కెట్టంతా పూలమొక్కలే. ఆ రోజు మన తెలుగువాళ్ళు గుంపులుగా కనిపించేవారు. బతుకమ్మకి పనికొస్తాయని తెలంగాణ వదినలు బంతి నారు ట్రేలు ట్రేలుగా కొనేవారు. అక్కడ మే మధ్య దాకా మంచు భయం ఉంటుంది కాబట్టి గోంగూర, సొర, దొండ అన్నీ మార్చి నుంచే ఇంట్లో కిటికీ దగ్గర గ్లాసుల్లో నాటుకోవాలి. శివార్లలో ప్రతి తెలుగింటి కిటికీలోనూ ఆ గ్లాసులే.

తర్వాత తర్వాత అదే మార్కెట్లో "గ్రోన్ ఇన్ డెట్రాయిట్" అని ఒక బల్ల కనిపించడం మొదలైంది. ఊళ్ళో చిన్నచిన్న తోటలవాళ్ళు పండించింది తెచ్చి కలిపి అమ్ముకుంటారు. విత్తనాలు, నారు, మట్టి పరీక్ష అన్నీ తక్కువ రుసుముకి అందించే కార్యక్రమం 2003లో మొదలైంది. అది పెరిగి ఇప్పుడు కీప్ గ్రోయింగ్ డెట్రాయిట్ అనే సంస్థగా వెయ్యికి పైగా తోటలకి దన్నుగా ఉంది. పెద్దాయన కూడా వేసవిలో కొలార్డ్ కట్టలు ఆ బల్లకి ఇచ్చేవారు.

*

2008 చివర్లో షాపు నిశ్శబ్దమైపోయింది. ఆర్డర్లు ఆగిపోయాయి. 2009లో జనరల్ మోటార్స్, క్రైస్లర్ రెండూ దివాలా కోర్టుకి వెళ్ళాయి. వాటి మీద బతికే మా లాంటి షాపులు అంతకుముందే పడిపోవడం మొదలైంది. మాదీ మూసేశారు. వేలం రోజున నేను వెళ్ళాను. ప్రతి మెషిను మీదా ఒక నంబరు కాగితం. పెద్దాయన ముప్పై ఏళ్ళు వాడిన బల్లకి కూడా నంబరే. ఆయన సొంత పనిముట్ల పెట్టె మాత్రం భుజాన వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ట్రక్కులో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ ఏడాది మన తెలుగిళ్ళలో టెన్షన్ అంతా ఇంతా కాదు. వీసా, ఇంటి లోను, పిల్లల బడి. నాకు కొన్ని నెలల తర్వాత వేరే చోట పని దొరికింది. పెద్దాయన రిటైరైపోయి తోటకి అవతలున్న రెండో స్థలం కూడా బాగుచేసి మడులు కట్టారు.

2013 జులైలో నగరమే దివాలా ప్రకటించింది. సుమారు 1,800 కోట్ల డాలర్ల అప్పు. పెద్దాయన వాళ్ళావిడ సిటీ ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. పెన్షన్ పోతుందేమోనని ఆవిడకి నెలల తరబడి నిద్ర లేదు. అప్పులవాళ్ళ చూపు ఊరి ఆర్ట్ మ్యూజియం మీద కూడా పడింది. డెట్రాయిట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్ట్స్ అప్పట్లో నగరం ఆస్తి. లోపలి చిత్రాలకి వెల కట్టడానికి వేలంపాటల కంపెనీవాళ్ళు వచ్చారు.

ఆ మ్యూజియం మధ్య హాలులో నాలుగు గోడల మీదా మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరా 1932-33లో వేసిన కుడ్యచిత్రాలున్నాయి. ఎడ్సెల్ ఫోర్డ్ డబ్బిచ్చాడు, రివేరా ఫోర్డ్ వారి రూజ్ ఫ్యాక్టరీలో నెలలపాటు తిరిగి బొమ్మలు గీసుకున్నాడు. పెద్దాయనతో కలిసి నేను అక్కడ నిలబడ్డ రోజు మరిచిపోలేను. దక్షిణపు గోడ మీద దేవతలా నిలబెట్టిన స్టాంపింగ్ ప్రెస్సుని చూపించి, డై ఎక్కడ కూర్చుంటుందో, రేకు ఎటునుంచి పోతుందో ఆయన నాకు వివరించారు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా ఆగి విన్నారు. తర్వాత తూర్పు గోడ వైపు తిప్పారు. అక్కడ యంత్రాలు లేవు. మొక్క దుంపలో ముడుచుకుని పడుకున్న పసిబిడ్డ, మట్టిలోకి దిగిన వేళ్ళు, నాగటి కర్రులు, ధాన్యమూ పళ్ళూ పట్టుకున్న స్త్రీలు. "వీడికి ముందే తెలుసు చూడు" అన్నారు పెద్దాయన. ఫ్యాక్టరీ ఊరి గుండెకాయలో పొలాన్ని కూడా వేసి వెళ్ళాడు రివేరా.

చివరికి ఫౌండేషన్లు, రాష్ట్ర ప్రభుత్వం, మ్యూజియం కలిసి ఇరవై ఏళ్ళలో 80 కోట్ల డాలర్లకి పైగా ఇచ్చేలా ఒప్పందం కుదిరింది. బొమ్మలు అమ్మకుండా మ్యూజియం స్వతంత్ర సంస్థ చేతికి వెళ్ళింది, ఆ డబ్బు పెన్షన్లకి వెళ్ళింది. అయినా ఆవిడ లాంటి మామూలు ఉద్యోగుల పెన్షన్లో 4.5 శాతం కోత పడింది, ఏటా ధరలను బట్టి పెరిగేది ఆగిపోయింది. ఊరిని కళ కాపాడిందని రాసేవాళ్ళు ఈ కోత గురించి కూడా రాయాలి. కళని కాపాడినవాళ్ళలో ఆవిడా ఉంది.

*

అదే కాలంలో హామ్‌ట్రామెక్ అనే చిన్న ఊరి పక్కన ఉన్న బంగ్లాటౌన్‌ పేటకి చేపల కోసం వెళ్ళేవాళ్ళం. బంగ్లాదేశ్ నుంచి వచ్చిన కుటుంబాలు చవగ్గా పాత ఇళ్ళు కొని బాగుచేసుకున్నాయి. ఆగస్టులో ఆ వీధుల్లో నడిస్తే పిట్టగోడ దాటి, గ్యారేజీ కప్పు మీదికి, పక్క ఖాళీ స్థలం దాకా సొర పందిళ్ళే. కాయలు చేతికి తగిలేంత కిందకి వేలాడేవి. మా ఆవిడ ఒకరోజు ఆగిపోయి చూస్తుంటే లోపల్నుంచి ఒకావిడ వచ్చి అడక్కుండానే ఒక కాయ కోసిచ్చింది. అప్పట్నుంచి ఆవిడ మా ఆవిడకి ఆపా, అంటే అక్క. మా గోంగూర నారు అటు, వాళ్ళ సొర విత్తనాలు ఇటు. అదే పేటలో మిచ్ కోప్, గీనా రైకర్ట్ అనే ఆర్టిస్టు దంపతులు ఖాళీ పడ్డ ఇళ్ళు తీసుకుని, ఒకదానికి సౌర విద్యుత్తు పెట్టి పవర్ హౌస్ అని పేరు పెట్టారు, పిల్లలు స్కేటింగ్ చేసే శిల్పాల పార్కు కట్టారు. వాళ్ళు మంచి పనే చేశారు. కానీ ఆ పేట దీపం ఆరకుండా చూసింది సొరపాదులు వేసిన ఆపాలే అని నా నమ్మకం.

*

2024 వేసవిలో అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. 1988లో చివరి రైలు వెళ్ళిపోయాక ముప్పై ఏళ్ళు పాడుబడి ఉన్న మిచిగన్ సెంట్రల్ స్టేషన్‌ని ఫోర్డ్ కంపెనీ బాగుచేసి ఆ జూన్‌లో తెరిచింది. జనం లోపలికి వెళ్ళి పైకప్పు చూసి ఏడుస్తున్నారు. నా కళ్ళూ తడిశాయి. ఈస్టర్న్ మార్కెట్ గోడలన్నీ పెద్దపెద్ద చిత్రాలు. వుడ్‌వర్డ్ రోడ్డు మీద డెట్రాయిట్ పీపుల్స్ ఫుడ్ కో-ఆప్ అప్పుడే తెరిచారు. ఊళ్ళోవాళ్ళే వాటాలు కొని కట్టుకున్న కిరాణా దుకాణం. 2006లో మొదలై, రూజ్ పార్కులో ఏడెకరాల డీ-టౌన్ ఫామ్ నడుపుతున్న నల్లజాతి రైతుల సంఘం ఏళ్ళ తరబడి పట్టుబట్టి సాధించింది. అందులో తిరుగుతూ ఆకుకూరల దగ్గర చాలాసేపు నిలబడిపోయాను.

పెద్దాయన కోవిడ్ ముందే పోయారు. తోట ఇప్పుడు మనవరాలు చూస్తోంది. ప్లాస్టిక్ కప్పిన గుడారం కట్టి మంచులో కూడా పాలకూర తీస్తోంది. ఇంటికి ఆనుకున్న స్థలాన్ని పెద్దాయన బతికుండగానే వంద డాలర్లకి కొనుక్కున్నారు, ఇంటివాళ్ళకి పక్క స్థలం అమ్మే పథకం ఉంది కదా. అవతలి స్థలం ఇంటికి ఆనుకుని లేదు కాబట్టి ఆ పథకం దానికి వర్తించలేదు. పదిహేనేళ్ళు మట్టి మోసిన నేల, కాగితం మాత్రం లేదు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల రేట్లు పెరుగుతున్నాయి. 2012లో ఒక వ్యాపారి చెట్లు పెంచుతానంటే 1,500 పైచిలుకు స్థలాలు ఒక్కసారే అమ్మడానికి నగర కౌన్సిల్ ఒప్పుకుంది. ఆ పిల్లకి మాత్రం ఒక్క స్థలానికి ఇన్నేళ్ళు పట్టడం న్యాయం కాదు. నల్లజాతి రైతులు నేల కొనుక్కోవడానికి సాయం చేసే ఒక నిధి 2020లో మొదలైంది. దానికి దరఖాస్తు పెడుతోంది. ఆ కాగితాల పనిలో మా అమ్మాయి సాయం చేస్తోంది. మొన్న ఆదివారం ఫోన్లో, "నాన్నా, ఆ తోట పాత ఫొటోలు ఏమన్నా ఉంటే పంపు, ఎప్పట్నుంచి సాగు చేస్తున్నారో చూపించాలి" అంది. అటక మీంచి ఆల్బమ్‌లు దించాను. ఈ వారమంతా అవే స్కాన్ చేస్తున్నాను.